నీరు పల్లమెరుగు, మరి పటంలో పల్లం ఎటు?

గోడకు వేలాడే ప్రపంచ పటం దగ్గరికి పిలిచి, నైలు నది ఎక్కడ పుట్టి ఎటు పారుతుందో వేలితో చూపించమనండి. తొమ్మిదో తరగతికి వచ్చాక కూడా కొందరు పిల్లలు మధ్యధరా సముద్రం దగ్గర వేలు పెట్టి కిందికి లాగుతారు. నీరు పల్లమెరుగు అన్న సంగతి వాళ్లకు బాగానే తెలుసు. పటంలో కింది భాగమే పల్లం అనుకోవడం దగ్గర పొరబడుతున్నారు. ఏళ్ల తరబడి పటాన్ని గోడకే తగిలించి, ఉత్తరాన్ని ‘పైన’ అనీ దక్షిణాన్ని ‘కింద’ అనీ చెబుతూ వచ్చింది టీచర్లమే. కాబట్టి ఈ తప్పులో మన వాటా పెద్దది.

దిద్దడం కష్టమేమీ కాదు. పటాన్ని దించి నేల మీద పరచండి. దిక్సూచి పెట్టి, పటంలోని ఉత్తరాన్ని అసలు ఉత్తరం వైపు తిప్పండి. ఇనుప బెంచీలకూ ఫోన్లకూ కనీసం మీటరు దూరం ఉండాలి, లేదంటే సూది దారి తప్పుతుంది. పిల్లలు పటం చుట్టూ నిలబడగానే ‘పైన’, ‘కింద’ అనే మాటలకు పని ఉండదు. ఉత్తరం ఒక దిక్కుగా మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు నైలు దారి పొడవునా ఎత్తులు రాయించండి: విక్టోరియా సరస్సు 1,134 మీటర్లు, ఖార్టూమ్ దాదాపు 380, కైరో దాదాపు 20, సముద్రం దగ్గర సున్నా. ఈజిప్టులో దక్షిణ భాగాన్ని ‘ఎగువ ఈజిప్టు’ అని ఎందుకంటారో అడిగితే, ఈ అంకెలు రాసుకున్న పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

ఈ చిన్న పాఠంలో ఎత్తు, వాలు, నది భౌతిక భూగోళానివి. ఊరి పేరు, దేశం, నదిని నమ్ముకుని బతికే జనం మానవ భూగోళానివి. పాఠ్యప్రణాళిక వీటిని రెండు భాగాలు చేసి, మొదటి సగంలో రాళ్లూ గాలులూ, రెండో సగంలో జనాభా, వలస పెడుతుంది. బోధనలో ఆ గీతను చెరపాలని నా గట్టి అభిప్రాయం. ఏ పాఠం మొదలుపెట్టినా మూడు ప్రశ్నలు వరసగా రావాలి. ఎక్కడ? అక్కడే ఎందుకు? దాంతో అక్కడి మనుషులు ఏం చేస్తున్నారు? మొదటిదానికి పటం కావాలి, రెండోదానికి ప్రయోగమో లెక్కో కావాలి. మూడోదాన్ని సమయం లేదని వదిలేస్తాం. దానికోసం పీరియడ్ చివర పది నిమిషాలు తప్పనిసరిగా ఉంచుకోండి.

ఋతువుల పాఠంలో దీపం ఎంత దూరం?

‘వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుంది.’ ఈ నమ్మకం ఎంత మొండిదంటే, అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉందని పరీక్షలో సరిగ్గా రాసిన పిల్లలు కూడా మాటల్లో అడిగితే దూరం సంగతే చెబుతారు. వాదించకుండా ముందు రెండు అంకెలు నల్లబల్ల మీద రాయండి. జనవరి 3 ప్రాంతంలో భూమికీ సూర్యుడికీ మధ్య సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై 4 ప్రాంతంలో సుమారు 15.2 కోట్లు. ఉత్తరార్ధగోళంలో ఏ నెలలో చలి ఉంటుందో అడిగి ఊరుకోండి.

ఈ తప్పుకు మూలం చాలావరకు పుస్తకంలోని బొమ్మే. కక్ష్యను పక్క నుంచి చూసినట్టు గీయడం వల్ల అది కోడిగుడ్డులా సాగిపోయి కనిపిస్తుంది. నల్లబల్ల మీద అదే కక్ష్యను మీటరు వ్యాసంతో స్కేలు ప్రకారం గీస్తే, పొడవుకూ వెడల్పుకూ తేడా మిల్లీమీటరులో ఏడో వంతు వస్తుంది. సుద్దగీత మందమే అంతకంటే ఎంతో ఎక్కువ. సూర్యుణ్ణి మాత్రం కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్లు పక్కకు జరపాలి. మేకు, దారం, సుద్దముక్క ఉంటే రెండు నిమిషాల పని.

తర్వాత గ్లోబు. గది చీకటి చేసి, కప్పు లేని బల్బును గ్లోబు మధ్యభాగం ఎత్తులో నిలబెట్టండి. గ్లోబును బల్బు చుట్టూ నాలుగు చోట్ల పెట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, గ్లోబు పట్టుకుని నడుస్తూ తమతోపాటు దాన్నీ తిప్పేయడం. అప్పుడు ఉత్తర ధ్రువం ఎప్పుడూ బల్బు వైపే వాలి ఉంటుంది, పాఠం మొత్తం తలకిందులవుతుంది. ముందే గదిలో ఒక గోడ ఎంచుకుని కాగితం అంటించండి. గ్లోబు ఎక్కడున్నా అక్షం మొన ఆ గోడ వైపే వాలాలి.

కేవలం చూస్తే చాలదు, కొలవాలి. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట గ్లోబు చుట్టూ దారం చుట్టి మొత్తం పొడవు కొలవండి. వెలుగు పడిన భాగం పొడవు విడిగా కొలవండి. వెలుగు పొడవును మొత్తం పొడవుతో భాగించి 24తో హెచ్చిస్తే పగటి గంటలు వస్తాయి. జూన్ స్థానంలో దాదాపు 16 రావాలి. భూమధ్యరేఖ మీద ఎక్కడ పెట్టినా 12 రావాలి. అది మీ కొలతకు పరీక్ష. అక్కడ 11 కంటే తక్కువ వస్తే బల్బు మరీ దగ్గరుందన్నమాట: దగ్గరి దీపం గోళంలో సగం కంటే తక్కువ భాగాన్నే వెలిగిస్తుంది. రెండు మీటర్ల దూరానికి జరపండి.

చివరగా టార్చిలైటు, సెంటీమీటరు గళ్ల కాగితం. టార్చి మూతికి కాగితపు గొట్టం తొడిగితే వెలుగు చెదరదు. నిట్టనిలువుగా వేసినప్పుడు 5 సెంటీమీటర్ల వృత్తం పడిందనుకోండి, సుమారు 20 గళ్లు. అదే దూరం నుంచి కాగితంతో 30 డిగ్రీల కోణంలో వేస్తే అది దాదాపు 10 సెంటీమీటర్ల పొడవుకు సాగి, సుమారు 40 గళ్లు అవుతుంది. అదే వెలుగు రెట్టింపు నేలకు పంచుకోవాల్సి వచ్చింది. వాలుగా పడే ఎండకు చురుకు ఎందుకు తక్కువో ఈ గళ్ల లెక్క చెబుతుంది.

కొండను తగిలితే వాన పడదు

పర్వతీయ వర్షపాతం గురించి పిల్లలు రాసే వాక్యం ఒకటుంది: ‘మేఘాలు కొండను ఢీకొని వర్షిస్తాయి.’ మేఘం బస్తాలా చిరగదు. కొండ చేసేది గాలిని పైకి నెట్టడమే. పైన పీడనం తక్కువ కాబట్టి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది, చల్లబడితే ఆవిరి నీటి బిందువులవుతుంది. ఈ గొలుసులో ‘వ్యాకోచం’ అనే లంకెను చాలా నోట్సులు మింగేస్తాయి.

లీటరు ప్లాస్టిక్ సీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి బాగా ఆడించండి. ఆర్పిన అగ్గిపుల్ల పొగను కొద్దిగా లోపలికి పోనిచ్చి మూత బిగించండి. రెండు చేతులతో గట్టిగా నొక్కి పది సెకన్లు పట్టుకుని ఒక్కసారిగా వదలండి. లోపల తెల్లటి మబ్బు కడుతుంది, మళ్లీ నొక్కితే మాయమవుతుంది. వెనక నల్ల కాగితం లేకపోతే వెనక బెంచీకి ఏమీ కనబడదు. పొగ వేయకుండా మరో సీసాతో చేసి పోల్చండి. మబ్బు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, ఎందుకంటే ఆవిరి అంటుకోవడానికి ధూళికణాలు కావాలి. మరిగే నీళ్లు పోస్తే సీసా ముడుచుకుపోతుంది, చేతులూ కాలతాయి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని పిల్లలకు తెలుసు. దీనికి సింగపూర్, క్విటో జంట మంచి లెక్క. రెండూ భూమధ్యరేఖ దగ్గరే. సింగపూర్ సముద్రమట్టంలో ఉంటే, క్విటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. సింగపూర్ సగటు 27 డిగ్రీల నుంచి 18.5 తీసేస్తే క్విటోకు 8.5 రావాలి. అసలు సగటు 14 నుంచి 15 మధ్య ఉంటుంది. లెక్క తప్పిందని కంగారుపడి ఉదాహరణ మార్చేయకండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. 6.5 అనేది నేలకు దూరంగా ఉన్న గాలికి వేసిన సగటు. ఎత్తయిన లోయల్లో, పీఠభూముల మీద ఎండకు వేడెక్కిన నేల తన మీది గాలిని కూడా వేడి చేస్తుంది. సూత్రం ఇచ్చే జవాబుకూ కొలత ఇచ్చే జవాబుకూ తేడా వస్తే కారణం వెతకడం పిల్లలకు అలవాటు కావాలి.

ఇక మూడో ప్రశ్న, అక్కడి మనుషుల సంగతి. చిరపుంజిలో ఏడాదికి 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై వరకు పన్నెండు నెలల్లో 26,461 మిల్లీమీటర్లు నమోదైంది. అయినా అక్కడ చలికాలంలో నీటికి కటకట. వానంతా కొన్ని నెలల్లోనే కుమ్మరించడం, పల్చటి మట్టి నీటిని పట్టి ఉంచలేకపోవడం, నిటారు వాలు మీద నీరు దక్షిణాన మైదానాల్లోకి జారిపోవడం కలిసి అలా చేస్తున్నాయి. ఏడాది మొత్తం అంకె ఒక్కటే ఇస్తే పిల్లలకు ఇది అర్థం కాదు. నెలవారీ పటం గీయించండి. వానకు నిలువు పట్టీలు, ఉష్ణోగ్రతకు గీత, రెండింటికీ చెరో పక్క స్కేలు. రెండు ఊళ్లను పోల్చేటప్పుడు రెండు పటాల స్కేళ్లూ ఒకటే కాకపోతే పోలికే ఉండదు.

కాంటూరు రేఖలు, వాటి మీదుగా వెళ్లే రైలు

కాంటూరు రేఖను (పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతను) నిర్వచనంతో మొదలుపెడితే పాఠం అక్కడే ఆగిపోతుంది. 12 సెంటీమీటర్ల లోతున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె తీసుకోండి. అందులో నీళ్లకు కరగని బొమ్మల మట్టితో 8 సెంటీమీటర్ల కొండ చేయండి. ఒక పక్క నిటారుగా, మరో పక్క ఏటవాలుగా ఉండాలి. ఏటవాలు పక్కన వేలితో లోయ గీయాలి. పెట్టె గోడకు స్కేలు అంటించి, రంగు నీళ్లను పక్క నుంచి ఒక్కో సెంటీమీటరు చొప్పున పోయాలి. ప్రతిసారీ మూత పెట్టి, మూత మీద పరిచిన పారదర్శక షీటు మీద నీటి అంచును గీయాలి.

ఇక్కడ చెడేది చూపు. మొదటి రేఖ గీసేటప్పుడు నీటికీ మూతకూ మధ్య 11 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. తల అటూ ఇటూ కదిలితే రేఖ జరిగిపోయి, తర్వాతి రేఖను దాటేస్తుంది. అప్పుడు పిల్లలు కాంటూరు రేఖలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయని నేర్చుకుంటారు. గీసేవాళ్లు ఒక్కరే ఉండాలి, ఒక కన్ను మూసి, సరిగ్గా పై నుంచి చూడాలి. ఇంకా మంచి పద్ధతి, ఫోన్‌ను ఒక స్టాండు మీద మీటరున్నర ఎత్తులో కదలకుండా బిగించి, ప్రతి మట్టానికీ ఫొటో తీసి తర్వాత గీయడం.

షీటు చేతికొచ్చాక లోయ దగ్గర రేఖలు ‘వి’ ఆకారంలో వంగి ఉంటాయి. మొన ఎటు చూస్తోందని అడగండి. లోయలో మొన ఎప్పుడూ ఎగువకు చూస్తుంది. కొండ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన గట్టు దగ్గర దిగువకు చూస్తుంది. దీన్ని బట్టీ పట్టించనక్కర్లేదు, పెట్టెలో మళ్లీ నీళ్లు పోసి చూపిస్తే చాలు.

తర్వాత వాలు లెక్క. 1:50,000 స్కేలు పటంలో 200 మీటర్ల రేఖకూ 300 మీటర్ల రేఖకూ మధ్య 4 సెంటీమీటర్లు ఉన్నాయి. నేల మీద అది 2 కిలోమీటర్లు, కాబట్టి వాలు 2,000లో 100, అంటే 1:20. రేఖల అంతరం 20 మీటర్లయితే రెండు చివరలతో కలిపి 6 రేఖలుంటాయి, మధ్య దూరాలు 5. రేఖలను లెక్కపెట్టి 20తో హెచ్చించి 120 మీటర్లు రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. కంచె గుంజలకూ వాటి మధ్య ఖాళీలకూ తేడా చూపిస్తే తెలిసిపోతుంది.

పార్శ్వచిత్రం (నేలను నిలువుగా కోసి పక్క నుంచి చూసినట్టు చూపే బొమ్మ) గీసేటప్పుడు అడ్డంగా సెంటీమీటరుకు 500 మీటర్లు, నిలువుగా సెంటీమీటరుకు 100 మీటర్లు తీసుకుంటే ఎత్తు ఐదు రెట్లు సాగుతుంది. కాగితం మీద 14 డిగ్రీల కొండలా కనిపించేది నేల మీద 3 డిగ్రీల లోపు వాలు. ‘నిలువు అతిశయం 5 రెట్లు’ అని బొమ్మ కింద రాయకపోతే మార్కులు తగ్గించడం న్యాయమే.

ఇప్పుడు మనుషులు రావాలి. ఆ 100 మీటర్లు ఎక్కాల్సిన రైలు మార్గానికి గరిష్ఠ వాలు 1:100 అని షరతు పెట్టండి. 100 మీటర్లు ఎక్కడానికి 10 కిలోమీటర్ల పట్టాలు కావాలి. తిన్నగా ఉన్న దూరం 2 కిలోమీటర్లే. మిగతా 8 కిలోమీటర్లు ఎక్కడ సర్దాలో పిల్లలు పటం మీద పెన్సిలుతో వెతకాలి. కొండ నడుము చుట్టూ తిప్పుతారు, కొందరు సొరంగం అంటారు, కొందరు లోయ వెంట వెనక్కి వెళ్లి తిరిగొస్తారు. కొండ ప్రాంతాల్లో ఊళ్లూ దారులూ లోయలనే పట్టుకుని ఎందుకు సాగుతాయో వేరే చెప్పాల్సిన పని ఉండదు.

జనాభా పిరమిడ్: శాతం దేనిలో?

ఒక్కో వయసు వర్గానికి ఒక అడ్డ పట్టీ చొప్పున, ఒక పక్క మగవాళ్లు, మరో పక్క ఆడవాళ్లు వచ్చేలా పేర్చిన బొమ్మే జనాభా పిరమిడ్. దానికి కావాల్సిన వయసు, లింగం వారీ లెక్కలు ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం ఉచితంగా ఇస్తుంది. నైజర్, జపాన్, ఖతర్ మూడూ తీసుకోండి. నైజర్‌లో జనాభాలో దాదాపు సగం 15 ఏళ్ల లోపువాళ్లు. జపాన్‌లో 65 దాటినవాళ్లు 29 శాతం దాకా ఉన్నారు. ఖతర్‌లో పని చేసే వయసు మగవాళ్ల వైపు బొమ్మ విపరీతంగా ఉబ్బుతుంది, కారణం ఉద్యోగాల కోసం వచ్చిన వలస.

ప్రతి పట్టీ కూడా మొత్తం జనాభాలో శాతమే కావాలి. మగవాళ్లను మగవాళ్ల మొత్తంతో, ఆడవాళ్లను ఆడవాళ్ల మొత్తంతో భాగిస్తే రెండు పక్కలా చెరో వంద వస్తుంది, ఖతర్ అసలు కథ మాయమవుతుంది. ఈ తప్పును ముందుగా ఆపకండి. రెండు జట్లకు రెండు పద్ధతులూ ఇచ్చి, ఒకే దేశానికి రెండు వేరు బొమ్మలు ఎలా వచ్చాయో వాళ్లనే తేల్చనివ్వండి. చివరి పట్టీ ‘80, ఆపైన’ అని తెరిచి ఉంటే అది అయిదేళ్లది కాదన్న సంగతి కూడా గుర్తు చేయాలి. వృద్ధులు హఠాత్తుగా పెరిగినట్టు కనిపించేది అందుకే.

జపాన్‌కు అయిదేళ్ల పట్టీలతోపాటు ఒక్కో ఏడాది పట్టీల పిరమిడ్ కూడా చూపించండి. 1966లో పుట్టినవాళ్ల దగ్గర లోతైన గాటు ఉంటుంది. 1965లో జననాలు సుమారు 18.2 లక్షలు, 1966లో సుమారు 13.6 లక్షలు. ఆ ఏడాది పుట్టే ఆడపిల్లల గురించి ఉన్న ఒక పాత నమ్మకం వల్ల చాలా జంటలు పిల్లల్ని కనడం వాయిదా వేసుకున్నాయి. అయిదేళ్ల పట్టీలో ఈ గాటు దాదాపు కలిసిపోతుంది. వర్గాల వెడల్పు ఏం చూపిస్తుందో, ఏం దాస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు కనిపించలేదు.

రంగుల పటాలకూ ఇదే జాగ్రత్త. మొత్తం సంఖ్యలకు రంగులు వేస్తే పెద్ద ప్రాంతాలే ముదురుగా వస్తాయి. చదరపు కిలోమీటరుకో, వెయ్యి మందికో లెక్కగట్టాకే రంగు వేయాలి. నాలుగైదు వర్గాలు చాలు, ఒకే రంగు లేత నుంచి ముదురుకు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ప్రాంతాలను పెద్దవి చేసి చూపే మెర్కేటర్ పటం మీద మాత్రం వేయించకండి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది వైశాల్యాన్ని నాలుగు రెట్లు చేస్తుంది. ఆఫ్రికాలో పద్నాలుగో వంతున్న గ్రీన్‌లాండ్ అందులో ఆఫ్రికాతో పోటీపడుతుంది.

మళ్లీ నైలు దగ్గరికి, మూడు పీరియడ్లు

మొదటి పీరియడ్‌లో కైరో, ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా వర్షపాత పటాలు ఒకే స్కేలుతో గీయించండి. కైరోలో ఏడాది మొత్తానికి 25 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే వాన. అడిస్ అబాబాలో వెయ్యి దాటుతుంది, అందులో దాదాపు సగం జూలై, ఆగస్టుల్లోనే. ఆనకట్టలు లేని రోజుల్లో ఈజిప్టుకు వరద వేసవి చివర ఎందుకు వచ్చేదో పిల్లలు బ్లూ నైలు (ఇథియోపియా కొండల నుంచి వచ్చి ఖార్టూమ్ దగ్గర నైలులో కలిసే పాయ) దారి వెంట వేలు జరుపుతూ కనుక్కోవాలి. వరద నీటితోపాటు ఇథియోపియా కొండల ఒండ్రు కూడా వచ్చేదని అప్పుడు చేర్చండి.

రెండో పీరియడ్ జనసాంద్రతది. ఈజిప్టు వైశాల్యం సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు, జనాభాను లెక్క కోసం 10 కోట్లు అనుకుందాం. సగటు 100. కానీ దాదాపు 95 శాతం మంది 5 శాతం నేల మీదే ఉంటారు. అంటే 50,000 చదరపు కిలోమీటర్లలో 9.5 కోట్లు, చదరపు కిలోమీటరుకు 1,900 మంది. మిగిలిన 9.5 లక్షల చదరపు కిలోమీటర్లలో 50 లక్షలు, అంటే సుమారు 5. సగటు చెప్పిన ‘100’ దేశంలో ఎక్కడా లేదు. గళ్ల కాగితం మీద 100 గళ్లు గీసి, 100 చుక్కలు పెట్టమని, అందులో 95 చుక్కలు అయిదు గళ్లలోనే ఇరికించమని చెబితే అంకె కంటికి కనిపిస్తుంది.

మూడో పీరియడ్‌లో, దక్షిణ ఈజిప్టులో నైలు మీద 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యాం. పటాన్ని మళ్లీ నేల మీద పరచి, నాలుగు జట్లను నది వెంట వాళ్ల వాళ్ల చోట నిలబెట్టండి: ఇథియోపియా, సూడాన్, అస్వాన్, డెల్టా. ఇథియోపియా జట్టుకు 2011లో బ్లూ నైలు మీద మొదలుపెట్టిన భారీ ఆనకట్ట సమాచారం ఇవ్వండి. అస్వాన్ జట్టు దగ్గర కరెంటు, ఏడాది పొడవునా సాగునీరు ఉంటాయి. డెల్టా జట్టు దగ్గర ఆగిపోయిన ఒండ్రు, కోసుకుపోతున్న తీరం, ఎరువుల అవసరం, డ్యాం తర్వాత తీరంలో పడిపోయిన సార్డీన్ చేపల వేట ఉంటాయి.

‘డ్యాం మంచిదా, చెడ్డదా’ అని అడిగితే చర్చ అయిదు నిమిషాల్లో అరుపులకు దిగుతుంది. ఎవరికి, ఎక్కడ, ఏ నెలలో అన్నవి లేని వాక్యం చెల్లదని నియమం పెట్టండి. ప్రతి మాటకూ ముందు రెండు పీరియడ్లలో గీసిన పటాన్నో అంకెనో చూపించాలి. ఒక్కో జట్టుకు మూడు నిమిషాలు, దాని దిగువన ఉన్న జట్టుకు జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు. మొదట మాట్లాడేది ఎగువ జట్టు. అది ఎవరో మీరు చెప్పకండి, నేల మీద నిలబడ్డ పిల్లలే ఎత్తులు చూసి తేల్చుకోవాలి.